గండికోట దాకా పోయొచ్చాం

వడ్డీకి తెచ్చిన అప్పు గురించి ఎవరన్నా నా దగ్గర ఏడిస్తే నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. వడ్డీ కడుతున్నారు కాబట్టి వాళ్ళు తలెత్తుకుని తిరగొచ్చు. కొత్త చీర కట్టుకుని అప్పిచ్చినవాడి ఇంటి ముందరే నడిచి పోవచ్చు. మాది వడ్డీ లేని అప్పు. మా ఆయనకు సొంత మేనమామ ఇచ్చింది. కాగితం లేదు, సాక్షి లేడు, గడువు లేదు. "వడ్డీ అన్నావంటే తంతా. నీకు దొరికినప్పుడు ఇయ్యిరా" అన్నాడట. ఆ మాట చెప్తూ మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు నేనూ పెట్టుకున్నాను. నాకేం తెలుసు!

పులివెందుల పక్కన పల్లెలో మాకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. బోరు ఎండిపోయింది. ఇంకొకటి వేశాం. అదీ ఎండిపోయింది. ఆ పక్కన ఇంకొకటి, ఇంకొంచెం లోతుకు. చివరి బోరుకు డబ్బిచ్చింది జమ్మలమడుగులో ఉండే ఈ మేనమామే. ఆ బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కాపు మీదున్న చెట్లను కొట్టించి కట్టెలకు అమ్ముకుని ప్రొద్దుటూరు వచ్చేశాం. మా ఆయన గుడ్డల అంగట్లో గుమస్తాగా చేరాడు. నేను ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టి పీకో వేస్తాను. పాప ఏడో తరగతి.

నెలనెలా మా ఆయన ఫోన్లోంచి మామకు కొంత డబ్బు కొడతాడు. కొట్టే ముందర ఒకసారి ఫోన్ చేస్తాడు, కొట్టాక ఒకసారి చేస్తాడు. అవతల నుంచి "తొందరేముందిరా" అంటాడాయన. ఆ మాట విన్న రోజు మా ఆయనకు అన్నం సయించదు. మామ వైపు పెళ్ళిళ్ళకు పోతే నేను పాత చీరే కట్టుకోవాలి. పాపకు కొత్త చెప్పులు కొంటే మామ ఇంటికి పోయేటప్పుడు పాతవే వేసుకు రావాలి. ఒకసారి బిరియాని పొట్లం చేతిలో ఉండగా రోడ్డు మీద మామ తరపు బంధువొకాయన ఎదురైతే, మా ఆయన దాన్ని సంచీ అడుక్కు తోసి పైన కొత్తిమీర కట్ట పెట్టాడు. మామ మమ్మల్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అదే కదా నా ఖర్మ! ఆయన ఒకటి అనుంటే నేను తిరిగి నాలుగు అని కడుపుబ్బరం తీర్చుకునేదాన్ని.

అలాంటి ఇంట్లో నేను ఊరికి పోదామని అడిగాను. కాశీ అడగలేదు, ఊటీ అడగలేదు. మా ఇంటి నుంచి గట్టిగా గంటన్నర దారి లేని గండికోట అడిగాను. రోజంతా ఫాల్ కుట్టి మెడ పట్టేసిన ఒక సాయంత్రం, సూది పక్కన పెట్టి ఆయనతో అన్నాను.

"ఒక్క రాత్రప్పా. ఒక్క రాత్రి నేను పొయ్యి ముట్టియ్యగూడదు. పొద్దున లేస్తానే ఎవరో తెచ్చిచ్చిన టీ తాగతా, ఆ లోయ చూస్తా కూకోవాల. అంతే నాకు కావాల్సింది. ఇంకేం అడగను నిన్ను."

"అప్పుండగా టూరేందమ్మే?" అన్నాడు.

"అప్పు తీరే లోపల నేను ముసలిదాన్నైపోతా."

కొన్ని రోజుల పాటు ఆయన అంగడి నుంచి వచ్చి గోడకానుకుని ఆలోచిస్తూ కూర్చునేవాడు. చివరికి ఒకరోజు తానే ఫోన్లో రూములు చూడడం మొదలుపెట్టాడు. పెద్ద హోటలేం కాదు, కోట దగ్గర మామూలు రూము. కిటికీ తెరిస్తే లోయ కనపడుతుందని రాసి ఉంది. నా కుట్టు డబ్బులు నేను తీసిచ్చాను. అడ్వాన్సు కట్టేశాడు. ఆ రాత్రి పాపా నేనూ ఆ రూము ఫోటోలు పెద్దవి చేసి చేసి చూశాం. మంచం మీద తెల్ల దుప్పటి. దాన్ని నేను ఉతకక్కర్లేదు. ఆ ఆలోచనకే నాకు నిద్ర పట్టలేదు, నమ్మండి.

చిక్కల్లా ఒక్కటే. గండికోటకు పోవాలంటే జమ్మలమడుగులో దిగాలి. దిగి ఇంకో బస్సో ఆటోనో ఎక్కాలి. మామ ఉండేది ఆ ఊళ్ళోనే.

మా వైపు చుట్టాలున్న ఊరి మీదుగా పోతూ వాళ్ళ గడప తొక్కకుండా పోవడం అంటే వాళ్ళ మొహాన ఉమ్మినట్టే. "మా ఊళ్ళో బస్సు దిగి, మా ఇంటికి రాకుండా పోయినాడు" అని పదేళ్ళ తర్వాత కూడా పెళ్ళి భోజనాల దగ్గర ఎత్తి పొడుస్తారు. అది మామూలు చుట్టాల సంగతి. ఇక అప్పిచ్చిన మేనమామ అయితే చెప్పాలా? అయినా నేను గట్టిగా చెప్పాను. "దిగతానే ఆటో ఎక్కేద్దాం. కొంగు కప్పుకుంటా నేను. తిరిగొచ్చేటప్పుడు పలకరిద్దాం. అప్పుడైతే మన రాత్రి మనకైపోయుంటాది." ఆయన తలూపాడు. ఆయన తలూపితే నమ్మకూడదని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియాల్సింది.

బస్సు ప్రొద్దుటూరు దాటింది. నేను కిటికీ పక్కన కూర్చుని వేయించిన చెనిక్కాయలు తింటున్నాను. పాప పాటలు పాడుతోంది. మా ఆయన మాత్రం సీట్లో అటు కదిలి ఇటు కదిలి, ఫోన్ తీసి లోపల పెట్టి, మళ్ళీ తీసి, చివరికి చెవికి పెట్టుకున్నాడు.

"మామా, బాగుండారా? ఏం లేదు మామా, ఊరికే చేసినా. గండికోట చూడాలని పాప అడిగితే... ఆ, బస్సులోనే ఉండాం. లేదు మామా, ఇంటికి రాలేం ఈసారి. ఊరికే చెప్దామని... అయ్యో, వద్దు మామా... ఆ... సరే మామా."

ఫోన్ పెట్టేసి ముందు సీటు కమ్మీ కేసి చూస్తూ కూర్చున్నాడు.

"పాప అడిగిందా?" అన్నాను.

"ఎవరన్నా చూసి చెప్తే ఏమనుకుంటాడమ్మే? నా దుడ్లు పెట్టుకుని షికార్లు తిరగతాండాడు, మొగం దాచుకుని పోతాండాడు అనుకోడా? ముందే చెప్తే మర్యాదగా ఉంటాది."

చేతిలో ఉన్న చెనిక్కాయల పొట్లం ఆయన ఒళ్ళోకి విసిరేశాను. అంతకు మించి బస్సులో ఏం చేయగలను?

జమ్మలమడుగు బస్టాండులో మేము మెట్టు దిగకముందే మామ నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, వెనక పాత జీపు. నాకు ఆయన పెదనాయన వరస. ఆయన నా చేతిలో సంచీ లాక్కుని జీపులో పడేసి, "పిచ్చి నా కొడకా, ఇంటికి రాలేవా? ఎక్కు" అన్నాడు మా ఆయనతో. ఆ గొంతులో ఎంత ప్రేమ! తిట్టడానికి సందు లేదు. పాప ముందే ఎక్కి కూర్చుంది. నేనూ ఎక్కాను.

ఇంటి దగ్గర పెద్దమ్మ, అంటే ఆయన భార్య, గడప దాకా వచ్చి నన్ను కావిలించుకుంది. "ఏమే, ఇంత చిక్కిపోయినావు? వాడు కూడు పెడతాండాడా లేదా?" అని నా బుగ్గలు నిమిరింది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కొడుకూ కోడలూ ఉద్యోగాలకని కడపలో ఉంటారు. అప్పటికే పెదనాయన దొడ్లో కోడిని పట్టేశాడు. "మాపటికి పోదురులే, మధ్యాన్నానికి కోడికూరా సంగటీ తిని పోండి" అన్నాడు. మధ్యాహ్నం దాకానే కదా, రూము సాయంత్రం నుంచే కదా అని నా మనసుకు నేను చెప్పుకున్నాను.

పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని వంటింట్లోకి నడిచింది. సంగటి కెలకడానికి కుండ ముందర వంగి, "అమ్మా" అని నడుం పట్టుకుంది. ఇంకో చేత్తో గోడ పట్టుకుంది. కళ్ళున్న మనిషెవరూ చూస్తూ కూర్చోలేరు. "నువ్వు లెయ్యి పెద్దమ్మా, నేను చేస్తా" అన్నాను. అన్నది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు.

ప్రొద్దుటూరు నుంచి చుట్టాలొచ్చారని తెలిసి పక్కింట్లో ఉండే పెదనాయన దాయాదులు ఇద్దరు పలకరించడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు తినకుండా ఎట్లా పోతారు? కుండ మార్చి పెద్ద కుండ పెట్టాను. సంగటి ముద్దలు చేసి చేసి అరచేతులు ఎర్రబడ్డాయి. "నీ చేతిలో ఏముందోనే, ఈ ఊరిబిండి పచ్చడి నేను చేస్తే ఇట్లా రాదు" అంటుంది పెద్దమ్మ. మెచ్చుకోలు కూడా ఒక పనే అయింది, దానికి నవ్వాలి.

మగవాళ్ళు తింటున్నారు. నేను రెండో ముద్ద వడ్డిస్తున్నాను. అప్పుడు పాప అంది.

"తాతా, మాకు రూముంది తెలుసా? కిటికీలోంచి లోయ కనపడ్తాదంట. నేను ఆ మంచం మీదే పండుకుంటా."

మా ఆయన ముద్ద మింగలేక నీళ్ళు తాగాడు. దాయాదులు ఇద్దరూ తలలు దించుకుని కూర కలుపుకున్నారు. పెదనాయన చెయ్యి కంచంలోనే ఆగింది.

"రూమా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బాగుండేది. "నేను చచ్చినానేరా? ఇంత ఇల్లు పెట్టుకుని ఈడ నేనుండగా, నా మేనల్లుడు బాడిగ రూములో పండుకుంటాడా? నలుగురు వింటే నా మొగాన ఉమ్మెయ్యరా?"

"అది కాదు మామా, పాప..."

"ఎంత కట్టినావు?"

మా ఆయన చెప్పాడు. పెదనాయన చెయ్యి కడుక్కుని వచ్చి, మా ఆయన ఫోన్ అడిగి తీసుకుని, ఆ రూము వాళ్ళకు తానే ఫోన్ చేశాడు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు ఇవ్వకూడదు దేవుడా, అడ్వాన్సు వెనక్కి ఇవ్వం అనాలి అని మొక్కుకున్నాను. డబ్బు పోవాలని మొక్కుకున్నది నా జన్మలో అదొక్కసారే. పెదనాయన ఆ రూము వాళ్ళ ఊరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు, వాళ్ళ మేనత్తను ఎక్కడిచ్చారో చెప్పాడు. నవ్వాడు. పావుగంటలో డబ్బంతా వెనక్కి వచ్చేసింది, ఒక్క రూపాయి తగ్గకుండా.

"చూసినావా, దుడ్లు మిగిలిచ్చినా నీకు" అని ఫోన్ మా ఆయన చేతిలో పెట్టాడు.

మా ఆయన ఆ ఫోన్ వైపు కాసేపు చూశాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను. వద్దు, వద్దు అని కళ్ళతో చెప్తున్నాను. ఆయన తలెత్తలేదు. వేలు కదిలింది. డబ్బు పడినట్టు పెదనాయన జేబులో ఫోను టింగుమంది.

"ఈ నెలది మామా. కొంచెం ముందే" అన్నాడు.

"ఇప్పుడెందుకురా ఇది?" అన్నాడు పెదనాయన. అని, దాయాదుల వైపు చూసి, "చూసినారా, వడ్డీ లేకపోయినా ఎట్లా కడతాండాడో! అట్లుండాల మనిషంటే" అన్నాడు. మా ఆయన వీపు నిటారైంది. అప్పు తెచ్చినప్పటి నుంచి ఆ మనిషి మామ ఎదుట అంత నిమ్మళంగా కూర్చోవడం నేను చూడలేదు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మొహం చూస్తే తిట్టడానికి నోరూ రాలేదు. వంటింట్లోకి పోయి అడుగంటిన సంగటి కుండ గీకుతూ కూర్చున్నాను. ఫాల్ కుట్టిన చీరలన్నీ ఎవరెవరివో వరసగా గుర్తొచ్చాయి.

"రేపు పొద్దున్నే జీపులో అందరం పోదాం" అని బయట నుంచి పెదనాయన కేక వేశాడు. "ఈడనే చేసుకుని కట్టుకుపోదాం. ఆడ తినేదానికేం దొరకదు."

తెల్లారకముందే లేచి చిత్రాన్నం కలిపాను, పూరీలు ఒత్తాను, పెరుగన్నం తాలింపేశాను. అందరికీ టీ కూడా నేనే పెట్టాను. మా ఆయన టీ గ్లాసు అందుకుంటూ, "ఏం చేద్దునమ్మే, చెప్పు?" అన్నాడు మెల్లగా. ఏం చెప్పను? నిజంగానే ఏమీ చేయలేడు. నేనైనా ఆయన స్థానంలో ఏమీ చేయలేను. అది తెలిసినందుకే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

అయినా జీపు మైలవరం వైపు తిరిగి, దూరంగా ఎర్ర కొండలు కనిపించేసరికి, నా బుద్ధి చూడండి, మళ్ళీ ఆశ పుట్టింది. రాత్రి పోతే పోయింది. రూము పోతే పోయింది. లోయైతే అక్కడే ఉంది కదా. కాసేపు రాతి మీద ఊరికే కూర్చుని చూస్తాను. టీ లేకపోయినా పర్లేదు. అంత మాత్రం నాకు దక్కితే ఈ ప్రయాణం నాదే అనుకుంటాను.

కోట లోపల ఒక చెట్టు నీడన జీపు ఆగింది. అక్కడి నుంచి కోట గోడ, గడ్డి, ఆకాశం తప్ప ఏమీ కనపడవు. లోయ చూడాలంటే బండల మీదుగా కొంచెం దూరం నడవాలి. గిన్నెలు దించాం. చాప పరిచాం. గోడ మీద కోతులు వరసగా కూర్చుని మా గిన్నెల వైపే చూస్తున్నాయి.

"కోతులు శానా ఉండాయి" అన్నాడు పెదనాయన. "ఎవరన్నా ఒకరు గిన్నెల కాడ ఉండాల."

ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. పెద్దమ్మ మాత్రం అప్పటికే జీపు తలుపు పట్టుకుని మెల్లగా చాప మీదికి ఒరుగుతోంది. ఆ మోకాళ్ళతో బండలెక్కడం ఆమె వల్ల కాదులే, ఆమే ఉంటుంది అని నాకు ప్రాణం లేచొచ్చింది. కొంగు బిగించుకుని పాప చెయ్యి పట్టుకున్నాను.

"పోయిరాండే, బాగా చూసిరాండి" అంది పెద్దమ్మ. కట్టె ఒకటి ఏరుకుని పక్కన పెట్టుకుంది. "పెండ్లైనకాన్నుంచి శానాసార్లు వచ్చినా ఈడికి. చుట్టాలొచ్చినప్పుడల్లా పిలుచుకొస్తాడు మీ పెదనాయన. ఎప్పుడొచ్చినా గిన్నెల కాడనే నేను. ఆ లోయ యాడుంటాదో గూడా నాకు తెల్దు." అని నవ్వింది. ఏదో తమాషా చెప్పినట్టు నవ్వింది. ఏమీ అడగలేదు.

నేను నడవాలి. రెండడుగులు వేశాను కూడా. ఆమె మాట వినపడనట్టు పోతే ఎవరేమంటారు? ఎవరూ ఏమీ అనరు. ఎందుకు చెప్పింది ఈమె ఈ మాట, ఇప్పుడే ఎందుకు చెప్పింది, తిరిగొచ్చాక చెప్పకూడదా అని లోపల తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే వెనక్కి తిరిగాను.

"నువ్వు పో పెద్దమ్మా. నేనుంటా."

"ఛీ, ఊరుకో. నువ్వు చూడాలనే కదా వచ్చింది."

"మళ్ళా చూస్తాలే. పో. పాప భుజం పట్టుకో. ఇదో, నువ్వు ఈ చెయ్యి పట్టుకో అప్పా" అని మా ఆయన్ని పిలిచాను.

"నిజంగానా?" అంది. ముసలి మొహంలో ఆ కళ్ళు! అప్పటికే లేచేసింది. కట్టె నా చేతికిచ్చింది. పెదనాయన ముందు, ఆమె వెనక, చెరోపక్క నా మొగుడూ నా కూతురూ. బండల దాకా పోయి గోడ మలుపులో కనపడకుండా పోయారు.

నేను చాప మీద కూర్చున్నాను. గాలి వీస్తోంది. లోయ చూసొచ్చినవాళ్ళు ఫోన్లు ఒకరికొకరు చూపించుకుంటూ మా చెట్టు పక్కనుంచే పోతున్నారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి అక్కడ ఎవరున్నారు కనుక? బాగానే ఏడ్చాను. ఒక కోతి చిత్రాన్నం గిన్నె దగ్గరికి జరిగితే, ఎవరి మీదా అరవలేనిదంతా దాని మీద అరిచాను. "నీ అమ్మ కడుపు కాల, నీకూ నేనే వండి పెట్టాలా?" అన్నాను. దారిన పోయే ఒకామె ఉలిక్కిపడి నా వైపు చూసి పోయింది.

వాళ్ళు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. పెద్దమ్మ జుట్టంతా రేగిపోయి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. నా పక్కన కూలబడి నా మోచెయ్యి పట్టుకుంది.

"అబ్బో, ఎంత లోతుందే! ఏరు ఆ అడుగున యాడో పోతాండాది. నాకు కాళ్ళు వణికినాయి. అయినా రాలేదు నేను. మీ పెదనాయన రా రా అంటానే ఉండాడు, ఇంకొంచేపు ఇంకొంచేపు అని ఆడనే కూకున్యా" అంది.

"మ్మే, ఇప్పుడు నువ్వు పోయిరా. నేనుంటా ఈడ" అన్నాడు మా ఆయన. అన్నాడు, ఆ మాట నేను దాచను. నేను లేచాను.

"తిని పోదువులేమ్మా, ఆకలైతాండాది అందరికీ" అన్నాడు పెదనాయన.

వడ్డించాను. తిన్నారు. గిన్నెలు సర్దేసరికి పెదనాయన గడియారం చూసుకుంటున్నాడు. "త్రీఫేజు కరెంటు ఇచ్చే టయమైతాంది. నేను లేకుంటే మోటరేసే దిక్కు లేదు, మడి ఎండిపోతాది. మళ్ళొచ్చినప్పుడు చూద్దువులేమ్మా, లోయ యాడికి పోతాది?" అన్నాడు. నీళ్ళు లేక ఎండిన తోటను చూసిన మనిషి మా ఆయన, మడి ఎండిపోతుందంటే ఏమంటాడు? గిన్నెలు జీపులోకి ఎక్కించాడు. నేనూ చాప దులిపి చుట్టేశాను.

జీపులో పాప ఫోన్ నా మొహం ముందర పెట్టింది. "ఇదో మా, లోయ. చూడు." ఎండకు ఆ అద్దం మీద ఏమీ కనపడలేదు. "బాగుంది" అన్నాను.

బస్టాండులో పెద్దమ్మ నాకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. పాప జేబులో నోటు కుక్కింది. "ఏటా రాండిరా. రూములు గీములని దుడ్లు తగలెయ్యాకండి" అన్నాడు పెదనాయన. "సరే మామా" అన్నాడు మా ఆయన. బస్సు హారన్ కొట్టింది. నేను మెట్టెక్కబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. దగ్గరికి లాక్కుని, పెదనాయనకు వినపడకుండా నా చెవిలో అంది.

"రావే ఏటా. నువ్వొస్తేనే నేను ఇంకోసారి చూసేది."

"వస్తా పెద్దమ్మా" అన్నాను. బస్సు కదిలాక కిటికీలోంచి ఇంకోసారి గట్టిగా చెప్పాను, ఆమెకు వినపడాలని. "ఏటా వస్తా."